చదవకపోయినా పర్లేదు, బాగుందనండి

తెలుగు పాఠకుల మీద ఒక ఆరోపణ ఉంది, వాళ్ళు చదవడం మానేశారని. దీన్ని నేను పూర్తిగా ఖండిస్తున్నాను. చదవకపోతే ఏమైంది? తెలుగు రచయితలే ఒకరినొకరు చదవడం మానేసి చాలా కాలమైంది. దానివల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు, పైగా స్నేహాలు నిలబడ్డాయి. నేరమల్లా చదవకుండా, పోనీ చదివామని ఒక్క ముక్కైనా చెప్పకుండా, నోరు మూసుకుని కూర్చోవడం.

రాత్రి 11 గంటలకి కవిత పోస్టు చేసి, పక్కన భార్య లైటార్పమని మూడోసారి అంటున్నా వినకుండా, ఫోను వెలుతురులో మొహం పెట్టి, ఎవరైనా ఒక్కరు, కనీసం పెళ్ళిలో ఒకసారి కలిసిన దూరపు బావమరిదైనా బొటనవేలు ఎత్తి చూపించకపోతాడా అని ఎదురుచూసే మనిషిని మీరు చూశారా? నేను చూశాను, చాలామందిని చూశాను. తెలుగు సాహిత్యం ప్రస్తుతం వాళ్ళ నిద్రలేమి మీద నడుస్తోంది. కాబట్టి పాఠకుల బాధ్యతల గురించి ఎవరో ఒకరు సీరియస్‌గా మాట్లాడాలి.

రచయితకి ఏం కావాలన్నది కొత్త ప్రశ్నేమీ కాదు. అల్లసాని పెద్దన పేరు మీద ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది, 'నిరుపహతి స్థలంబు' అని మొదలవుతుంది. ఊరికే కావ్యం రాసెయ్యమంటే ఎలా కుదురుతుంది, ముందు నాకు ఫలానావి ఏర్పాటు చెయ్యండి అని ఇచ్చిన జాబితా అది. ఎవరూ కదిలించని చోటు, ప్రియురాలి దూతిక తెచ్చి ఇచ్చే కర్పూర తాంబూలం, మనసుకి నచ్చిన భోజనం, ఊయల మంచం. ఇంతవరకూ సబబుగానే ఉంది. ఆ తర్వాతే మహాకవి కాలు జారాడు. ఒప్పూ తప్పూ ఎంచగల రసజ్ఞులు కూడా కావాలన్నాడు. అడిగి మరీ తప్పులు చూపించుకుంటాడట! ఊయల మంచం మీద కూర్చుని, తాంబూలం నములుతూ కోరుకోవలసిన కోరికేనా ఇది? ఆయనకేం, వెనక కృష్ణదేవరాయలున్నాడు. మనకెవరున్నారు, పిన్ని కొడుకు తప్ప. అందుకే ఆధునిక తెలుగు రచయితలందరూ, ఏ సభా పెట్టుకోకుండా, ఏ తీర్మానమూ చెయ్యకుండా, ఆ పద్యానికి చిన్న సవరణ చేసుకున్నారు. ఒప్పు ఎంచగల రసజ్ఞులు చాలు. తప్పు ఎంచేవాళ్ళు వేరే ఎక్కడైనా ఎంచుకోవచ్చు.

పాతకాలపు కవులు అమాయకులని కాదు, వాళ్ళకీ జాగ్రత్తలు తెలుసు. కావ్యం మొదట్లో దేవుళ్ళకీ పూర్వకవులకీ దణ్ణాలు పెట్టేశాక కుకవి నింద అని ఒక భాగం పెట్టేవాళ్ళు. కథ ఇంకా మొదలవలేదు, ఒక్కడు కూడా ఒక్క మాట అనలేదు, అయినా తన కావ్యాన్ని తిట్టబోయేవాళ్ళని ముందుగానే తిట్టేసి పక్కన పెట్టడం. ఫేస్‌బుక్‌లో దీన్నే బ్లాక్ చెయ్యడం అంటున్నాం, అంతే తేడా. ఇక కొన్ని గ్రంథాల చివర ఫలశ్రుతి ఉంటుంది. ఇది చదివినవాళ్ళకీ విన్నవాళ్ళకీ రాసినవాళ్ళకీ ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలుగుతాయని. ఎంత ముందుచూపో గమనించండి, అర్థం చేసుకున్నవాళ్ళకి అని ఎక్కడా షరతు పెట్టలేదు. విన్నా చాలు. మన చిన్నప్పుడు గుమ్మంలో పడేసి పోయిన దేవుడి కరపత్రాలు, ఇన్ని కాపీలు వేసి పంచితే లాటరీ తగులుతుందని, చించిపారేస్తే రక్తం కక్కుకుంటారని బెదిరించినవి, ఆ దారిలో వచ్చినవే. నా ఉద్దేశంలో ప్రతి కథ చివరా ఫలశ్రుతిని మళ్ళీ ప్రవేశపెట్టాలి. షేర్ చేసినవారికి సత్సంతానం, లైక్ కొట్టినవారికి మోకాళ్ళ నొప్పుల నివారణ, చూసి కూడా కదలకుండా పోయినవారికి ఇన్‌కంటాక్స్ నోటీసు.

వారపత్రికల రోజుల్లో కథ వేసిన రెండు మూడు వారాలకి ఉత్తరాల పేజీలో రెండు లైన్లు వచ్చేవి. 'ఫలానా కథ ఆలోచింపజేసింది' అని ఏ తెనాలి నుంచో, ఏ కోరుట్ల నుంచో. ఏం ఆలోచింపజేసిందో అందులో ఉండేది కాదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా. ఆ ముక్కని కత్తిరించి ఫైల్లో పెట్టుకుని, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు కాఫీతో పాటు ఇచ్చేవాళ్ళు. ఆ తర్వాత, 2006 ప్రాంతాల్లో, లేఖిని లాంటివి వచ్చి కంప్యూటర్లో తెలుగు రాయడం తేలికయ్యాక బ్లాగుల్లో టపాలూ వ్యాఖ్యలూ వచ్చాయి, వాటితో పాటు 'అజ్ఞాత' అనే మహానుభావుడూ దిగాడు. పేరు లేనివాడు నిజం చెప్పేస్తాడన్న సంగతి తెలుగు రచయితలకి అప్పుడే తెలిసింది. మోడరేషన్, అంటే నచ్చని వ్యాఖ్యని బయటికి రాకుండా ఆపెయ్యడం, నేర్చుకోవడానికి వాళ్ళకి ఎంతో సేపు పట్టలేదు.

ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగుపడింది. స్పందనల్లో ఒక స్థిరత్వం వచ్చింది. 'హృద్యంగా ఉందండీ', 'కళ్ళు చెమర్చాయి', 'మీ కలానికి వందనం', 'నో వర్డ్స్ అన్నా', ఆ తర్వాత రెండు చేతులు జోడించిన బొమ్మ. ఏ రచనకైనా సరిపోతాయి. ఈమధ్య ఒకాయన తన ఇంట్లో దూరిన కోతి మీద హాస్యకథ రాస్తే అందరికీ కళ్ళు చెమర్చాయి, ఒకావిడకైతే అమ్మ గుర్తొచ్చింది. ఆయనేమైనా నొచ్చుకున్నాడా? లేదు, ప్రతి ఒక్కరికీ విడివిడిగా ధన్యవాదాలు చెప్పుకున్నాడు. రచయిత ఉదారంగా ఉంటే పాఠకుడికి ఎంత వెసులుబాటో చూడండి.

కొందరు రచయితలు మాత్రం లోభం కొద్దీ ఈ ఏర్పాటుని పాడుచేస్తుంటారు. వాళ్ళకి బాగుందంటే చాలదు, ఏం బాగుందో కూడా కావాలి. ఇలాంటి ఫోను ఒకటి నా పక్కనే కూర్చుని ఒక మిత్రుడు మాట్లాడాడు.

'అన్నా, లింకు పంపించా, చూశావా?'

'చూశా తమ్ముడూ, అదరగొట్టావ్.'

'ఏది బాగా నచ్చింది నీకు?'

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, 'క్లైమాక్స్ తమ్ముడూ. అది నేను ఊహించలేదు' అని వచ్చింది.

వీడు రాసింది కొర్రల సాగు మీద వ్యాసం. అయినా ఫోను పెట్టేశాక మొహం వెలిగిపోతోంది. 'చూశావా, క్లైమాక్స్ పట్టుకున్నాడు' అన్నాడు నాతో. ఆ సాయంత్రం వ్యాసం మళ్ళీ చదువుకున్నాడట, నిజంగానే చివర్లో ఏదో ఉందనిపించిందట.

మెచ్చుకోలు దొరకనివాళ్ళకి ఇంకో మార్గం ఉంది, కొంచెం ఓపిక పట్టాలి. పేరున్న రచయిత ఎవరైనా కాలం చేసేదాకా ఆగడమే. ఆ రోజు నివాళి రాయొచ్చు. 'ఆయన ఒకసారి సభలో నా భుజం తట్టి, నువ్వు రాయాలయ్యా, నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు అన్నారు' అని. ఖండించడానికి ఆయన లేడు. నివాళి మొత్తంలో పోయినాయన పుస్తకం పేరు ఒక్కటీ ఉండదు, ఫోటోలో మాత్రం ఆయన పక్కన మనవాడు ఉంటాడు, ఆయన సగం కోసేసి. దీన్ని చూసి విసుక్కునేవాళ్ళకి సంప్రదాయం తెలియదు. రాయలు పోయినప్పుడు పెద్దన చెప్పినట్టుగా వచ్చిన పద్యం చూడండి. ఎదురైతే ఏనుగుని ఆపి చెయ్యందించి ఎక్కించుకున్నాడు, కావ్యం అందుకునే వేళ నా పల్లకీని తన చేత్తో ఎత్తాడు, గండపెండేరం తానే నా కాలికి తొడిగాడు, అడిగిన చోట అగ్రహారాలిచ్చాడు. రాజు చేసిన యుద్ధాల ఊసు లేదు, కట్టించిన గుళ్ళ ఊసు లేదు. ఆయన తన పాఠకుడిగా ఏమేం చేశాడన్నదే ఉంది. కాకపోతే చివర్లో పెద్దన, అలాంటి రాజుతో పాటు వెళ్ళిపోలేక జీవచ్ఛవంలా మిగిలానన్నాడు. మనవాళ్ళు ఆ ఒక్క లైను వదిలేసి మిగతాదంతా యథాతథంగా తీసుకున్నారు.

ఈ స్పందనల వ్యవహారం సజావుగా సాగాలంటే నా సలహా ఒకటే. పెళ్ళిలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూశారా, మండపం పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని, పేరు, ఊరు, నూటపదహార్లు అని రాసుకుంటూ ఉంటాడు. రేపు వాళ్ళింట్లో పెళ్ళైతే ఆ పుస్తకం తీసి చూసి అంతే చదివిస్తాం, పది ఎక్కువ కాదు, పది తక్కువ కాదు. రచయితలు ఈ లెక్క మనసులోనే పెట్టుకుని నలిగిపోతున్నారు. అలా కాకుండా కాగితం మీద పెట్టుకుంటే మంచిది. 'అద్భుతం' ఒకటి ఇచ్చాను, వాళ్ళ నుంచి 'బాగుంది' వచ్చింది, ఇంకా బాకీ. షేర్ ఒకటి చేశాను, దానికి దణ్ణం బొమ్మ ఒక్కటే వచ్చింది, ఆ మనిషితో ఇక లావాదేవీలు వద్దు. ఇందులో చదవడమనే ప్రసక్తి ఎక్కడా రాలేదని మీకు అనిపించొచ్చు. కవర్లో ఎంతుందో చూస్తాం గానీ, పెళ్ళిమంత్రాలు శ్రద్ధగా విన్నారా లేదా అని ఎవరైనా అడుగుతారా?

పుస్తకావిష్కరణ సభల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరం వెళ్ళొస్తున్నవే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, ముఖ్య అతిథి లేచి 'పుస్తకం ఇప్పుడే నా చేతికొచ్చింది, అయినా అట్ట చూస్తేనే తెలుస్తోంది' అని మొదలుపెట్టి, ముప్పావుగంట తన చిన్ననాటి ఊరి గురించి చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోతాడు. అమెరికాలో తెలుగు మహాసభలైతే ఇంకా బాగుంటాయి, పెద్ద హాల్లో సినిమా పాటలు జరుగుతుంటే పక్క గదిలో సాహిత్య సభ, అందులో వక్తలే శ్రోతలు.

ఇంత పకడ్బందీగా కట్టుకున్న వ్యవస్థని కూలదోయడానికి ఒకే ఒక్క మనిషి చాలు. నిజంగా చదివేవాడు.

నాకు తెలిసిన ఒక కథకుడు అమ్మమ్మ మీద కథ రాశాడు. ధనుర్మాసం, తెల్లవారుజామున మంచు, వీధిలో హరిదాసు పాట, వాకిట్లో గొబ్బెమ్మలు, అరుగు మీద కూర్చుని అమ్మమ్మ మామిడికాయ ముక్కల్లో జీడి తీసి, ఒక్కో ముక్కా బట్టతో తుడుస్తూ, ఆవకాయకి సిద్ధం చేస్తూ, మనవడికి జీవిత సత్యం చెబుతుంది. స్పందనలు వరదలా వచ్చాయి. అందరికీ అమ్మమ్మలు గుర్తొచ్చారు, కొందరు ఊరు వెళ్ళాలనుకున్నారు, ఆ తడిగుడ్డ వాసన కూడా తగిలిందని ఒకావిడ రాసింది. మూడో రోజున రిటైరైన తెలుగు మాస్టారొకాయన వచ్చి ఒకే ఒక్క వాక్యం పెట్టారు.

'బాబూ, ధనుర్మాసంలో ఆవకాయ కాయలు ఎక్కడివి?'

అంతే. కథకుడికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక అభిమాని పునాస మామిడి అయ్యుంటుందిలెండి మాస్టారూ అని సర్దబోయాడు. పునాస కాయలతో ఏడాది ఆవకాయ పెట్టిన అమ్మమ్మ ఏ ఊళ్ళో ఉందో చెబితే వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తానని మాస్టారు జవాబిచ్చారు. ఇంకొకాయన లేచి, కథలో ఆత్మ చూడాలి గానీ మామిడికాయ చూస్తారా, ఇలాంటి సంకుచిత దృష్టి వల్లే తెలుగు కథ వెనకబడిందన్నాడు. దాని మీద ఒక రోజంతా చర్చ నడిచింది. ఎవరూ కథలోకి మళ్ళీ వెళ్ళి చూడలేదు, చూసినట్టైతే మనవడి పేరు మధ్యలో మారిపోయిందని కూడా తెలిసేది. అది మాస్టారికి తెలిసింది, పాపం పోనీలే అని పైకి చెప్పలేదట. కథకుడు మాస్టారిని బ్లాక్ చేసి, 'నెగెటివిటీకి నా గోడ మీద చోటు లేదు' అని ఇంకో పోస్టు పెట్టాడు, దానికి కథ కంటే ఎక్కువ లైకులొచ్చాయి.

ఆ కథలన్నీ కలిపి పుస్తకం వేశాడు. అయిదు ముందుమాటలు, ఆరో ముందుమాట తనదే. వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా పంచాడు, సమీక్షల కోసం పత్రికలకి రెండేసి కాపీలు పంపాడు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక స్టాల్లో మూలగా కొన్ని కాపీలు పెట్టించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేనూ ఉన్నాను. సాయంత్రం దాకా చాలామంది వచ్చారు, సెల్ఫీలు దిగారు, మీవి ఒక్కటీ వదలకుండా చదువుతామన్నారు, వంటల పుస్తకాలు కొనుక్కుని వెళ్ళారు.

చీకటి పడే వేళకి మఫ్లర్ చుట్టుకుని ఒక పెద్దాయన వచ్చి, పుస్తకం తీసి, కళ్ళజోడు సర్దుకుని, సరిగ్గా ఆ కథ ఉన్న పేజీ దగ్గర ఆగి, జేబులోంచి డబ్బులు తీశారు. 'ధనుర్మాసమే కదా ఇప్పుడు, బయటంతా తిరిగొచ్చా, మామిడికాయ ఒక్కటీ కనబళ్ళేదు బాబూ' అన్నారు, చాలా ఆప్యాయంగా.

ఆ రోజు డబ్బిచ్చి పుస్తకం కొన్న మనిషి ఆయనొక్కరే. మావాడు వణికే చేత్తో సంతకం పెట్టి ఇస్తూ అన్నాడు, 'చదివే శ్రమ పెట్టుకోకండి మాస్టారూ, ఊరికే దగ్గరుంచుకోండి చాలు.'