కారు ఎవరిచ్చారో ముందు చెప్పండి, జోకుల సంగతి తర్వాత

కార్ రివ్యూల్లో కామెడీ ఎక్కువైపోయింది, అసలు విషయం పక్కకి పోతోంది అని ఈ మధ్య చాలామంది తెగ బాధపడిపోతున్నారు. అనవసరమైన బాధ. నవ్వించేవాడి వల్ల కొనేవాడికి పోయేది తక్కువే, సీరియస్ మొహం పెట్టి ప్రతి కారుకీ "ఓవరాల్‌గా మంచి ప్యాకేజ్ అండి" అని ముగించేవాడితోనే అసలు చిక్కంతా.

అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ గొడవ గుర్తుందిగా. 2024 ఫిబ్రవరిలో అమెరికా టెక్ యూట్యూబర్ మార్కెస్ బ్రౌన్లీ వాళ్ల ఓషన్ కారు మీద వీడియో పెట్టాడు, ఇప్పటిదాకా నేను చూసినవాటిలో ఇదే చెత్త కారు అని టైటిల్‌లోనే తేల్చేశాడు. జూన్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఇక ఒక యూట్యూబర్ కంపెనీని ముంచేశాడని మొదలెట్టారు. ముంచడానికి అక్కడ తేలుతున్నదేముంది? 2023లో 10 వేల పైచిలుకు కార్లు తయారుచేసి కస్టమర్ల చేతికి ఇచ్చింది అందులో సగమే, సాఫ్ట్‌వేర్ గోల మీద ఓనర్లు అప్పటికే మొత్తుకుంటున్నారు, మేం నిలబడతామో లేదో అనే హెచ్చరిక ఆ ఫిబ్రవరి నెలాఖరుకే కంపెనీయే ఇచ్చుకుంది. ఇందులో నాకు నచ్చిన పాయింట్ వేరే ఉంది: ఆ కారు కంపెనీ ఇచ్చింది కాదు, ఒక డీలర్ దగ్గర తీసుకున్నది. కొత్త సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చేదాకా ఆగమని కంపెనీ అన్నా బ్రౌన్లీ ఆగలేదు. ఎందుకాగాలి? డబ్బులు కట్టినవాళ్లు అప్పటికే ఆ పాత సాఫ్ట్‌వేర్‌తోనే రోడ్డు మీద తిరుగుతున్నారు కదా.

కామెడీ కోసం అన్యాయం చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2008లో బీబీసీ కార్ల షో టాప్ గేర్‌లో టెస్లా రోడ్‌స్టర్ ఛార్జింగ్ అయిపోయినట్టు దాన్ని షెడ్డులోకి తోసుకెళ్లే సీన్ పెట్టారు, టెస్లా కేసు వేసి 2013లో అప్పీల్‌లో కూడా ఓడిపోయింది. కోర్టులో షో వాళ్లే గెలిచినా ఆ సీన్ నాకు నచ్చదు. కానీ అది షో అని చూసేవాడికి తెలుసు.

మన దగ్గర చూసేవాడికి తెలియనిది ఏంటంటే మీడియా డ్రైవ్, అంటే రివ్యూ చేసేవాళ్లని కంపెనీయే పిలిచి కారు నడిపించే ట్రిప్. ఫ్లైట్ టికెట్ కంపెనీది, ఉదయ్‌పూర్‌లోనో గోవాలోనో హోటల్ కంపెనీది, కారు కంపెనీది, పెట్రోల్ కూడా కంపెనీదే, ఎంబార్గో టైం (అప్పటిదాకా వీడియో పెట్టొద్దని కంపెనీ పెట్టే గడువు) అయ్యీ అవ్వగానే అందరి వీడియోలూ ఒకేసారి పడతాయి, మాటలు కూడా ఇంచుమించు అవే. బాగా తిడితే తర్వాతి లాంచ్‌కి పిలుపు రాదేమోనన్న భయం ఒకటి. అందుకే విమర్శ అంటే "వెనక సీట్లో ఏసీ వెంట్ ఇస్తే బాగుండేది" దగ్గర ఆగిపోతుంది. నిజానికి 2023 జనవరిలో సోషల్ మీడియాలో ప్రచారం చేసేవాళ్ల కోసం కేంద్రం ఇచ్చిన ఎండార్స్‌మెంట్ మార్గదర్శకాల్లో ట్రిప్పులు, హోటల్ బసలు కూడా చెప్పి తీరాల్సినవే అని ఉంది, అదీ కింద డిస్క్రిప్షన్‌లో పెడితే చాలదు, వీడియోలోనే, నోటితో కూడా. ఎంతమంది నోట విన్నారు మీరు?

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే మన దేశంలో కారు ఒకసారి షోరూమ్ దాటాక కొన్నవాడికి దిక్కు లేదు. అమెరికా రాష్ట్రాల్లో లెమన్ లా అని ఉంది, కొత్త కారు ఒకే రిపేరుకి మళ్లీ మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కంపెనీ మార్చివ్వాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. మనకి అలాంటి ప్రత్యేక చట్టమే లేదు. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లాలి, 3 నెలల్లో, టెస్టింగ్ అవసరమైతే 5 నెలల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో రాసుంది, వాయిదాలకి తిరిగినవాళ్లని అడగండి అదెంత నిజమో. ఈలోగా ఈఎంఐ మాత్రం ఠంచనుగా కట్ అవుతూనే ఉంటుంది, బండి షెడ్డులో ఉన్నా సరే. అంటే కొనకముందు వినే ఆ పది నిమిషాల రివ్యూ తప్ప మనకి ఇంకో రక్షణ లేదన్నమాట, అది కూడా కంపెనీ ఖర్చు మీద తయారవుతోంది.

సన్‌రూఫ్‌ల మీద చేసే వీడియోల్లో పదో వంతు మనకీ లెమన్ లా కావాలని చేయమనండి, ఆ ఛానల్‌కి తర్వాతి లాంచ్‌కి పిలుపు వస్తుందో రాదో చూద్దాం.