అన్నకు ఎదురు వెళ్ళిన యాకోబు

తెగిపోయిన బంధుత్వాల దగ్గరికి వచ్చేసరికి, "అంతా దేవుడే చూసుకుంటాడు" అన్న మాట మనలో చాలామందికి కదలకుండా కూర్చోవడానికి ఒక సాకుగా మారిందని నా అభిప్రాయం. పొలం పంపకంలోనో, పవర్ ఆఫ్ అటార్నీ సంతకం దగ్గరో మాటా మాటా పెరిగి అన్నదమ్ముల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. ఇక్కడ పరదేశంలో ఉన్న తమ్ముడు గుడికో చర్చికో వెళ్ళి దండం పెట్టుకుంటాడే తప్ప ఊళ్ళో ఉన్న అన్నకు ఫోను మాత్రం చెయ్యడు.

దైవరక్షణను నిజంగా నమ్మినవాడు ఎలా నడుచుకుంటాడో బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండంలోని యాకోబు కథలో కనిపిస్తుంది. అతనూ మనలాగే పరదేశం పోయి సంపాదించుకున్నవాడే. చూపు మందగించిన తండ్రి ఇస్సాకును మోసగించి, అన్న ఏశావుకు దక్కవలసిన దీవెనను కాజేసి, అన్న చంపుతానన్నాడని తెలిసి హారానులోని మేనమామ లాబాను ఇంటికి పారిపోయాడు. అక్కడ 20 ఏళ్ళు గడిచాక, స్వదేశానికి తిరిగి వెళ్ళమనీ, తోడుగా ఉంటాననీ దేవుడు అతనితో చెప్పాడు. అంత మాట ఇచ్చాక కూడా, ఏశావు 400 మందితో ఎదురు వస్తున్నాడన్న కబురు వినగానే యాకోబు హడలిపోయాడు.

అప్పుడు అతను చేసిన పనుల వరుస గమనించదగినది. ముందుగా, ఒక గుంపు దెబ్బతిన్నా రెండోది తప్పించుకుంటుందని మనుషులనూ మందలనూ రెండు భాగాలు చేశాడు. ఆ తర్వాత, చేతికర్ర ఒక్కటే పట్టుకుని యొర్దాను దాటిన తాను ఇప్పుడు రెండు గుంపులయ్యానని తలచుకుని, అన్నంటే భయంగా ఉందని దాచకుండా ప్రార్థించాడు. ప్రార్థన ముగిశాక 200 మేకలు, 200 గొర్రెలు, పిల్లలతో సహా 30 పాడి ఒంటెలు, 40 ఆవులు, ఇంకా పోతులు, పొట్టేళ్ళు, ఆబోతులు, గాడిదలు కానుకగా ఏర్పరచి, మందకూ మందకూ నడుమ ఎడం ఉంచి పంపుతూ, ఏశావు అడిగితే ఏం చెప్పాలో ఒక్కో కాపరికి నేర్పాడు. ప్రార్థన అతనికి ఈ ఏర్పాట్లలో దేన్నీ తప్పించలేదు. కొట్టే, బెదిరించే బంధువు గడప తొక్కవలసిన వాళ్ళకు దేవుడున్నాడు పొమ్మని ధైర్యం చెప్పేవారు యాకోబు మందను రెండుగా చేసిన సంగతి మరిచిపోకూడదు.

అయినా కానుకలు పంపేదాకా అతను వెనకే ఉన్నాడు. మనమూ అంతే. డబ్బు పంపుతాం, పిల్లలకు ల్యాప్‌టాప్ పంపుతాం, మనం మాత్రం వెళ్ళం. యబ్బోకు ఏటి రేవు దగ్గర ఆ రాత్రి పేరు చెప్పని ఒక మనిషితో తెల్లవారేదాకా జరిగిన పెనుగులాటలో యాకోబు తుంటి కీలు తప్పింది. దీవెన దొరికింది గానీ నడక కుంటిదైంది. ఒకప్పుడు అన్నకు భయపడి పరుగెత్తిన మనిషికి ఇక పరుగెత్తే వీలు లేదు. తెల్లవారాక, ప్రేమించిన భార్య రాహేలునూ ఆమె కొడుకు యోసేపునూ అందరికంటే వెనక నిలిపి (ఆ పక్షపాతం మాత్రం అప్పటికీ పోలేదు), తాను అందరికంటే ముందు నడిచి ఏడుసార్లు నేలకు వంగాడు. దైవరక్షణ మీద నమ్మకం నాకు కనిపించేది ఆ కుంటినడకలోనే.

ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. తనకు కావలసినంత ఉందంటూ కానుకలు వద్దన్నవాడు, తమ్ముడు బతిమాలితే తీసుకున్నాడు. పాత మోసం ప్రస్తావన ఆ సంభాషణలో ఎక్కడా రాదు. కలిసి ప్రయాణం చేద్దామని అన్న పిలిస్తే, పిల్లలు పసివాళ్ళు, పశువులు పాలిచ్చేవి, మెల్లగా అన్న ఉండే శేయీరుకు వస్తానని చెప్పిన యాకోబు, అక్కడికి వెళ్ళకుండా సుక్కోతు అనే చోటుకు వెళ్ళి ఇల్లు కట్టుకున్నాడు. దీన్ని కపటమని తప్పుపట్టేవారున్నారు గానీ, రాజీ పడ్డవాళ్ళంతా ఒకే కప్పు కింద కాపురం చెయ్యాలని నేను అనుకోను. ఇస్సాకు 180 ఏళ్ళ వయసులో చనిపోయినప్పుడు ఏశావూ యాకోబూ కలిసే తండ్రిని పాతిపెట్టారు. వాళ్ళు వేర్వేరు చోట్ల స్థిరపడటానికి ఆదికాండం చెప్పే కారణం, ఇద్దరి మందలకూ ఆ నేల మీద మేత చాలకపోవడమే.