పెరటి మామిడిపై శ్వేతపత్రం

ప్రభుత్వం మారినప్పుడల్లా అప్పుల మీద ఒకటి, కరెంటు మీద ఒకటి శ్వేతపత్రాలు వస్తుంటాయి. పెరటి మామిడి చెట్టు మీద మాత్రం ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ నోరు విప్పలేదు. పార్టీలన్నీ కూడబలుక్కుని దాస్తున్నాయంటే విషయం ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. 12 ఏళ్లుగా ఒకే చెట్టు కింద ఆకులు ఊడుస్తున్న పౌరుడిగా ఆ లోటు నేనే పూడుస్తున్నాను. ఇందులో దాపరికం ఉండదు. చివర్లో కాస్త ఉంటుంది, అది కుటుంబ గౌరవానికి సంబంధించింది.

ముందు భూమి సంగతి. మాది హైదరాబాద్ శివారులో 200 గజాల ప్లాటు. మామిడి చెట్టుకూ చెట్టుకూ మధ్య 10 మీటర్ల ఎడం ఉండాలని పాత తోటల లెక్క. అంటే 100 చదరపు మీటర్లు, మన భాషలో దాదాపు 120 గజాలు, ఒక్క చెట్టు వాటా. మిగిలిన 80 గజాల్లో నలుగురు మనుషులు, ఒక కారు, బోరు, సంపు, ఈశాన్యంలో దేవుడు సర్దుకోవాలి. మేం తొందరపడి ఇల్లు ముందు కట్టేసుకున్నాం. చెట్టుకు దక్కింది గోడకూ కిటికీకీ మధ్య ఐదడుగుల సందు. పాపం, అది కోర్టుకు వెళ్లలేదు. తన వాటా తనే నిదానంగా వసూలు చేసుకుంటోంది. పక్కింటి సన్‌షేడ్ మీద కొంత, రోడ్డు మీద కొంత, కరెంటు తీగల మధ్య ఇంకొంత. పునాది కింద ఎంత కలుపుకుందో ఇంకా సర్వే కాలేదు.

ఏ రకం పెట్టాలన్న దాని మీద ఇంట్లో అఖిలపక్షం జరిగింది. మా నాన్నది నూజివీడు వైపు. ఆయనకు మామిడి పండంటే రసమే. రెండు చేతుల మధ్య మెత్తగా నలిపి, ముచిక తీసి, మొదటి చుక్క సొన పిండేసి, నోటికి ఆనించి జుర్రాలి. మోచేతి దాకా కారాలి. కారకపోతే అది తిన్నట్టు కాదు. ముక్కలు కోసి ఫోర్కుతో గుచ్చుకు తినే పండును ఆయన కూరగాయల్లోనే వేస్తారు. మా ఆవిడది నంద్యాల జిల్లా, బంగినపల్లి పుట్టిన నేల. ఆవిడ ముందు రసం పేరెత్తితే, "పళ్లలో పీచు ఇరికించుకోవడానికి అంత కష్టపడాలా మామయ్యగారూ?" అంటుంది. మా అత్తగారు ఫోన్‌లోనే, ఆవకాయకు జలాలు తప్ప మరోటి కాయే కాదని తేల్చేశారు. నేను హిమాయత్ అన్నాను. ఆ సమావేశంలో నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే. బావమరిది మాత్రం జపాన్ మియాజాకి పెట్టమన్నాడు, కిలో లక్షల్లో పలుకుతుందని వాట్సాప్‌లో వచ్చిందట. అసలది ఫ్లోరిడాలో పుట్టిన ఇర్విన్ రకం. జపాన్ వాళ్లు దాన్ని గ్రీన్‌హౌస్‌లో పెంచి, కాయ కాయకూ వల కట్టి, పండు తనంతట తాను తెగి వలలో పడేదాకా కాచుకుని కూర్చుంటారు. మా ఇంట్లో పిల్లలకే అంత సేవ జరగలేదు.

బంగినపల్లి గెలిచింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చాక ఇక అప్పీలుకు తావు లేకుండా పోయింది. కూరలో ఉప్పు తక్కువైందని నేనంటే, "మా ఊరికి జీఐ ఉంది, మీకేముంది?" అనేదాకా వెళ్లింది వ్యవహారం.

మొక్క కొన్న నర్సరీ పేరు చెప్పను. ఆ కుర్రాడు ఆకు పట్టుకుని ప్రమాణం చేశాడు, "మూడో ఏడు కాయకపోతే వచ్చి నన్నడగండి సార్" అని. మూడో ఏడు వెళ్లాను. నర్సరీ స్థలంలో బిర్యానీ హోటల్ ఉంది. బిర్యానీ బాగానే ఉంది.

ఇక్కడ అంటు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అంటు మొక్క అంటే కింద ఏదో నాటు టెంక మొలక, పైన మనం కోరుకున్న రకం కొమ్మ. రెండింటినీ కోసి, అతికించి, ప్లాస్టిక్ రిబ్బను చుడతారు. ఒక రకంగా సంకీర్ణ ప్రభుత్వం. కింద ఉన్నవాడు నీళ్లు మోయాలి, పైన ఉన్నవాడు కాయలు కాసి పేరు తెచ్చుకోవాలి. అంటు కింద నుంచి చిగురు వస్తే ఎప్పటికప్పుడు తుంచేయాలని నర్సరీ కుర్రాడు చెప్పనే చెప్పాడు. మొదటి వానలకే రెండు చిగుళ్లొచ్చాయి. రాగి రంగులో, లేతగా, ముట్టుకుంటే పట్టులా ఉన్నాయి. వాటిని తుంచడానికి నాకు చేతులు రాలేదు. పసిదాన్ని పసిదానిలా చూడాలి కదా. రెండో వేసవిలో పైన ఉన్న కొమ్మ ఎందుకో ఎండిపోయింది. ఎండు కొమ్మ చెట్టుకు చేటని నేనే శుభ్రంగా కోసి, గాయానికి పసుపు రాశాను. ఆ తర్వాత చెట్టు చూడాలి, ఏపుగా, ధీమాగా లేచింది. నా హస్తవాసి అనుకున్నాను.

మూడేళ్లు పోయాయి, నాలుగు పోయాయి, ఐదూ ఆరూ పోయాయి. పూత లేదు. ఈ దేశంలో కాయని మామిడి చెట్టు గురించీ, పెళ్లికాని పిల్లాడి గురించీ సలహా చెప్పని మనిషి లేడు. ఒకాయన చెట్టు మొదట్లో ఉప్పు పోయమన్నారు. ఇంకొకాయన మేకులు కొట్టమన్నారు. మా పెద్దనాన్న ఊరినుంచి వచ్చి, ఇవన్నీ కాదు, చెట్టును బెదిరించాలి అన్నారు. ఒకరు గొడ్డలెత్తాలి, ఒకరు అడ్డుపడాలి. మా ఇంట్లో గొడ్డలి లేదు కాబట్టి కొబ్బరిబోండాల కత్తి తెచ్చాం.

ఆదివారం పొద్దున్నే నేను లుంగీ ఎగ్గట్టి, కత్తి ఎత్తి, "ఆరేళ్లుగా మంజీరా నీళ్లు తాగుతున్నావ్, ఒక్క పిందె లేదు, ఇవాళ నిన్ను నరికి పోగులు పెడతా" అన్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, "పోనీలెండి, వచ్చే ఏడు కాస్తుందిలెండి" అంది, పాలవాడికి బాకీ చెప్పినంత తాపీగా. పెద్దనాన్న ఒప్పుకోలేదు. "అమ్మాయ్, జాలి లేదు. ఇంకోసారి" అన్నారు. మూడో టేకుకి ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి, నవ్వాపుకోలేక. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అదంతా ఫోన్‌లో తీశాడు.

ఏడో ఏట సంక్రాంతికి చెట్టు నిండా పూత. ఈ బెదిరింపు పద్ధతిని మన మున్సిపాలిటీ కాంట్రాక్టర్ల మీద ఎందుకు ప్రయోగించరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పూత వచ్చిందంటే కాపు వచ్చిందనుకునేవాడు అమాయకుడు. ఒక్కో గుత్తికి వందలూ వేలూ పూలుంటాయి. వాటిలో చాలావరకు మగపూలే. హడావిడి వాటిది, కాయ బాధ్యత వాటికి లేదు. మిగిలినవాటిని తేనెమంచు పురుగు పీల్చేస్తుంది. అది విసర్జించే జిగురు ఆకుల మీద పడి, ఆకుల మీంచి కారు మీద పడి, దాని మీద నల్లటి మసి పెరుగుతుంది. మా తెల్లకారును సర్వీసింగుకు ఇస్తే అక్కడి కుర్రాడు "సార్, డ్యూయల్ టోనా?" అన్నాడు. పురుగు వదిలిన పూతను బూడిద తెగులు పట్టుకుంటుంది. అదీ దాటితే ఒక రాత్రి గాలివాన వస్తుంది. ఇన్ని వడపోతలు దాటి గుత్తికి ఒక కాయ నిలిస్తే ఆ ఏడు గొప్ప కాపని లెక్క. అది చాలదన్నట్టు, మామిడికి ఏడాది విడిచి ఏడాది కాసే అలవాటు కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగికి కూడా ఈ సౌకర్యం లేదు.

రసాయనాలు లేని పండు తినాలన్నదే మా ఆశయం కాబట్టి వేపనూనె కొట్టాను. పురుగులకు చర్మసౌందర్యం పెరిగింది. తర్వాత ఏం కొట్టానో ఈ శ్వేతపత్రంలో రాయను.

మొదటి కాపు లెక్క మాత్రం దాచను. మొక్క 150, రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి 2,500, స్ప్రేయరు 1,800, ఏడేళ్ల ఎరువులు 6,550, వేరు పొడిచి బీటలిచ్చిన గోడ మరమ్మతు 22,000. మొత్తం 33,000 రూపాయలు. కాయలు 11. కాయ ఒక్కటికి 3,000. మియాజాకికి మనం మరీ అంత దూరంలో లేమని బావమరిదికి అదే రోజు మెసేజ్ పెట్టాను.

అయినా కాయల్ని బట్టి పెరటి మామిడిని అంచనా వేయడం తప్పు. మా చెట్టు ప్రధాన ఉత్పత్తి ఆకు. ఉగాది ముందు రోజు మా గేటు దగ్గర ఉండే రద్దీ రేషన్ షాపు దగ్గర కూడా ఉండదు. "అంకుల్, నాలుగు ఆకులు" అని వచ్చినవాడు కొమ్మతో వెళ్తాడు. కాలనీలో గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, కొత్త బైకు, ఏదైనా సరే తోరణం మా చెట్టుదే. పురోహితులకు మా ఇల్లు ల్యాండ్‌మార్క్. తోరణం కట్టినవాళ్ల ఇంటికి లక్ష్మి వెళ్తుంది, రాలిన ఆకులు ఊడ్చే చీపురు నా చేతికొస్తుంది. పూత కాలంలో పెరటి మామిడి యజమానికి నెల రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ఈ సందర్భంగా డిమాండ్ చేస్తున్నాను.

ఇంకో విశేషం చెప్పాలి. కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలంటారు. మొదటి కాపుకు మా చెట్టుకూ పడ్డాయి. రెండో కాపు నుంచి కాలనీ పిల్లలు రాళ్లు వేయడం మానేశారు. కోతులూ అంతే. ఒక గుంపు వచ్చి, తలా ఒక కాయ కొరికి, మొహం అదోలా పెట్టి, విసిరేసి పక్కింటి జామచెట్టుకు వెళ్లిపోయింది. మళ్లీ మా గోడ ఎక్కలేదు. మా కాలనీలో సంస్కారం ఇంత త్వరగా పెరుగుతుందని నేననుకోలేదు.

పండు చిన్నగా, గుండ్రంగా ఉండేది. మొదటి కాపు కదా అనుకున్నాను. పీచు ఉండేది. నేల తీరు అనుకున్నాను. పులుపు చెవుల దాకా ఎక్కేది. అది నీళ్ల మీదికి నెట్టాను. మా నాన్న మాత్రం ఒకటి జుర్రి, కళ్లు మూసుకుని, "నేను చెప్పలా, ఇది రసమే" అన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. కాయలన్నీ కోసి పప్పులో వేసింది.

నిజం బయటపెట్టింది ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. మా తమ్ముడికి దూరపు బంధువు. కాఫీకొచ్చి, వంగి, మొదలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చీలమండ ఎత్తులో ఉన్న పాత మచ్చను బొటనవేలితో తడిమి, "అంటు ఏదండీ?" అన్నారు. పైకొమ్మ ఎండిపోయిన సంగతి, పసుపు రాసిన సంగతి చెప్పాను. ఆయన కాఫీ కింద పెట్టారు. "మీరు ఇన్నేళ్లుగా పెంచింది కింది మొలకను. బంగినపల్లిని రెండో వేసవిలోనే సాగనంపారు" అన్నారు. కత్తి ప్రయోగం గురించి గొప్పగా చెప్పబోతే, టెంక నుంచి వచ్చిన చెట్టుకు ఆరేడేళ్ల వయసు వస్తేగానీ పూత రాదని, మీరు కత్తెత్తినా వీణ వాయించినా అప్పుడే పూసేదని తేల్చేశారు. మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది. "మొదటి పండుకే నాకు తెలుసు. మీరు ముచ్చటపడుతున్నారని ఊరుకున్నా."

బాగా ఆలోచించాక నాకు పెద్ద నష్టమేమీ కనిపించలేదు. ఉత్తరప్రదేశ్‌లోని మలీహాబాద్‌లో కలీముల్లా ఖాన్ గారు ఒకే చెట్టుకు 300కు పైగా రకాలు అంటు కట్టారు. కొత్త రకాలకు సచిన్ అని, ఐశ్వర్య అని పేర్లు పెట్టారు. ప్రభుత్వం ఆయనకు 2008లో పద్మశ్రీ ఇచ్చింది. పేరు పెట్టే హక్కు పెంచినవాడిదే అని దీన్నిబట్టి నాకు అర్థమైంది. ఆయన 300 పేర్లు పెడితే పద్మశ్రీ ఇచ్చారు, నేను పెట్టింది ఒక్కటే. బంగినపల్లి.

సమస్యల్లా ఇరుగుపొరుగుతోనే. ఏటా మే నెలలో నాలుగిళ్లకు మా చెట్టు పళ్లు పంచడం ఆనవాయితీ అయిపోయింది. ఆ పళ్లు ఎక్కడివన్నదే నేను మొదట చెప్పిన దాపరికం. మామిడి మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నంతకాలం పని తేలిక. అది ఊరవతల బాటసింగారానికి మారాక పెట్రోలు ఖర్చు కూడా కలిసింది. తెల్లవారుజామున వెళ్లి ఒక పెట్టె బంగినపల్లి తెచ్చి, స్టిక్కర్లు గోటితో గీకేసి, బుట్టలో సర్ది, పైన మా చెట్టు ఆకులు రెండు పెడతాను. ఆకులు మాత్రం నూటికి నూరుపాళ్లు మావే.

ఈ ఏడు జూన్‌లో, తొలకరి పడ్డ మర్నాడు, పక్కింటి మాస్టారు గేటు తీసుకుని వచ్చారు.

"మీ పండు మా మనవరాలు టెంక తెల్లబడేదాకా చీకిందండీ. బజారువి దానికి పడవు, గొంతు గరగర. మీరు మందులవీ కొట్టరు కదా."

"అబ్బే" అన్నాను.

"ఒక్క కోరిక, కాదనకూడదు. మా ఊళ్లో అంటు కట్టేవాడున్నాడు. మీ చెట్టుది ఒక్క కొమ్మ ఇప్పించండి."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను నిచ్చెన వేసుకుని ఎక్కాను. పెన్సిల్ లావున, మొగ్గ ఉబ్బిన కొమ్మ ఒకటి ఎంచి కోసి, ఆకులు దూసి, తడిగుడ్డ చుట్టి ఇచ్చాను. మాస్టారు రెండు చేతులతో అందుకుని, జేబులోంచి చిన్న కాగితం, పెన్ను తీశారు.

"రకం ఏమని రాసుకోను?"

"బంగినపల్లి" అన్నాను.

"జీఐ ఉందని కూడా రాసుకోమనండి" అంది మా ఆవిడ లోపల్నుంచి.