జీరో అవర్ గారికి, అండర్ బ్రిడ్జి అవతలి ఒడ్డు నుంచి

లోక్‌సభలో సభ్యులు తమ ప్రాంతాల గోడు చెప్పుకునే గంటయిన మహారాజరాజశ్రీ జీరో అవర్ గారి దివ్య సముఖమునకు, విజయనగరం దాటాక, శ్రీకాకుళం రోడ్ రాకముందు, పట్టాల పక్కనున్న ఒక ఊరివాడు అనేక నమస్కారాలు చేసి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. మీరెలాగూ కుశలమే. సమావేశాలు ముగిశాయి, మళ్లీ పిలిచేదాకా మీకు సెలవులే. మా సంగతి చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

ఆఖరి రోజున మా ఊరి బడ్డీ దగ్గర జనం పోగయ్యారు. క్రికెట్ కోసం కాదండీ, తమరి కోసం. మా తరఫున ఢిల్లీ వెళ్లి కూర్చునే పెద్దాయన పీఏ గారు ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, "రేపు జీరో అవర్లో మీ అండర్ బ్రిడ్జి విషయం సార్ ఎత్తుతున్నారు, లైవ్ చూడండి" అన్నారు. పెద్దాయన ఎవరు, ఏ పార్టీ అని అడక్కండి. పేరు మార్చి, జెండా మార్చి చదువుకున్నా కథ ఇదే. బడ్డీ అతను సెల్‌ఫోన్ని బిస్కట్ సీసాకి ఆనించి సంసద్ టీవీ పెట్టాడు. పదకొండైంది. స్పీకర్ గారు వచ్చారు. ఈ సమావేశాల్లో సభ ఎన్నిసార్లు కూర్చుందో, ఎన్ని బిల్లులు పాసయ్యాయో, ఎంత శాతం పని జరిగిందో చదివారు. వందేమాతరం వాయించారు. అక్కడ వాళ్లు లేచి నిలబడ్డారని ఇక్కడ మావాళ్లూ లేచి నిలబడ్డారు. సభ నిరవధికంగా వాయిదా పడింది.

అయిపోయిందని మావాళ్లలో చాలామంది నమ్మలేదు. పన్నెండింటికి కదా జీరో అవర్, అప్పుడు మళ్లీ మొదలవుతుందని కూర్చున్నారు. ఒంటిగంటైంది. మినప చేలో పని వదులుకొని వచ్చిన తాత ఒకాయన తువ్వాలు దులుపుకుంటూ అడిగాడు: "ఏటి బాబూ, మనోడు అడిగీసినాడా?"

ఏమని చెప్పమంటారు?

సాయంత్రం పీఏ గారే ఫోన్ చేశారు. నోటీసు ఇచ్చారట, బ్యాలెట్లో, అంటే ఎవరు మాట్లాడాలో తేల్చే లాటరీలో, పేరు రాలేదట. "అయినా టెన్షన్ ఎందుకండీ, మొన్న 377 కింద టేబుల్ మీద పెట్టేశాం కదా, చదివినట్టే లెక్క." ఈ 377 అంటే సభా నియమాల్లో ఒకటి, మీ తమ్ముడేనటగా. 250 మాటలకు మించకుండా రాసిచ్చుకునే వసతి. టైము లేనప్పుడు అది కూడా నోటితో చదవక్కర్లేదు, కాగితం బల్ల మీద పెడితే చదివినట్టే, సభ విన్నట్టే. విస్తరి ముందు కూర్చోబెట్టి, తిన్నట్టే అనుకోండని చేతిలో తాంబూలం పెట్టి పంపడం ఇదే.

మీ పుట్టుపూర్వోత్తరాలు వాకబు చేశాను. 1960ల మొదట్లో మొదలయ్యారంటారు. ఇంత పేరున్న మీరు సభా నియమాల పుస్తకంలో ఎక్కడా లేరట! ప్రశ్నోత్తరాలు ముగిసి అసలు ఎజెండా మొదలయ్యే లోపల, పన్నెండు గంటల సందులో దూరి అలవాటుగా స్థిరపడిపోయారు. ఇక్కడ మాకు వేలిముద్ర పడకపోతే రేషన్ బియ్యం ఇవ్వరు. మీకు మాత్రం ఏ కాగితమూ లేకుండా దేశమంతా కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అసూయ కాదు, ఆశ్చర్యం అంతే.

మంచి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్ 3న, బడ్జెట్ సమావేశాలు రేపు ముగుస్తాయనగా, మీరు ఐదు గంటల పైచిలుకు సాగారు. 202 మంది సభ్యులు మాట్లాడారు. లోక్‌సభ చరిత్రలో ఒక్క రోజులో అంతమందికి అవకాశం రావడం అదే మొదటిసారి అన్నారు. లెక్క వేస్తే తలకి నిమిషంన్నర. ఒకరిది రైలు ఆగని స్టేషను, ఒకరిది వంతెన, ఒకరిది పంటకి ధర, ఇంకొకరిది నెట్వర్క్ లేని కొండ. సెలవులకి ముందు రోజు దేశం బాధలన్నీ ఒక్కసారే మీ నెత్తిన పడతాయి. ఆ సమావేశాల్లో సభ 118 శాతం పని చేసిందని తర్వాత ప్రకటించారు. నూటికి నూట పద్దెనిమిది! మా మోటారు కూడా అలా పని చేస్తే ఈ ఉత్తరం ఉండేది కాదు.

మోటారు అన్నాను కదా, చెప్తాను.

మా ఊళ్లోకి రావాలంటే పట్టాలు దాటాలి. ఒకప్పుడు గేటు ఉండేది. గూడ్సు పోతున్నంతసేపూ తిట్టుకుంటూ నిలబడేవాళ్లం, గూడ్సు పోయాక గేటు లేచేది. గేట్లు ప్రమాదమన్నారు, తీసేశారు. పట్టాల కింద సిమెంటు పెట్టెలు దోపి దారి చేశారు. కొబ్బరికాయ కొట్టారు, ఫొటో దిగారు. ఆ తర్వాత మొదటి వాన పడింది.

అప్పటినుంచి అది దారి కాదు, చెరువు. చెరువుకైతే గట్టు, మదుము ఉంటాయి, దీనికి అవీ లేవు. లోపలి గోడ మీద పసుపు, నలుపు రంగుల్లో కొలత గీతలు వేశారు, ఎంత లోతున మునుగుతున్నామో చూసుకోవడానికి. నీళ్లు తోడేందుకు పక్కన గొయ్యి తవ్వి మోటారు పెట్టారు. ఆ మోటారుకి కరెంటు బిల్లు ఎవరు కట్టాలో మాత్రం తేలలేదు. పట్టాలవాళ్లు అది పంచాయతీ పని అంటారు. పంచాయతీవాళ్లు మా దగ్గర వీధి దీపాలకే డబ్బుల్లేవంటారు. స్టార్టర్ పెట్టెలో ఇప్పుడు తొండలు కాపురముంటున్నాయి. నూర్పులయ్యాక ధాన్యం ట్రాక్టరు బయటికి పోవాలంటే ఊళ్లన్నీ చుట్టి రావాలి, ఆ డీజిలు ఖర్చు దళారీ మా ధరలోనే కోసుకుంటాడు. బడిపిల్లలు పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని దిగుతారు. గేదెలు మాత్రం సంతోషంగా ఉన్నాయి.

నీళ్లు, బురద, చుట్టుదారి... ఇంతవరకూ నవ్వుతూ చెప్పుకోవచ్చు.

మొన్న వానల్లో మా వీధిలో ఒక ముసలమ్మకి రాత్రివేళ గుండెలో నొప్పి వచ్చింది. 108కి ఫోన్ చేస్తే వచ్చింది కూడా, పాపం తొందరగానే వచ్చింది. వచ్చి నీళ్లకి అవతలి పక్క ఆగిపోయింది. ముసలమ్మని నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురు ఎత్తుకుని కట్ట ఎక్కారు. కంకర మీద కాలు నిలవదు, మంచం కోళ్లు పట్టాలకి తగులుతున్నాయి. ఒక కుర్రాడు విశాఖ వైపు, ఇంకొకడు పలాస వైపు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డారు, రైలొస్తే కేక వేయడానికి. పైన ముసలమ్మ "నన్ను దించీండర్రా, నడిసెల్తాను" అని ఒకటే గొడవ. మోసేవాళ్ల ప్రాణం పోతుందని ఆవిడ భయం.

బతికింది. బతికింది కాబట్టి అది వార్త కాలేదు. అదే రాత్రి మంచం మీదకి రైలు వచ్చి ఉంటే మీ దగ్గర ఒక్కరు కాదు, పదిమంది లేచేవాళ్లు. బ్యాలెట్ అడ్డం వచ్చేది కాదు. స్పీకర్ గారు అనుమతించేవారు, మంత్రిగారు విచారం వెలిబుచ్చేవారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించేవారు. శవం లేస్తే తప్ప వినిపించని చెవులు పెట్టుకుని, ప్రజల గొంతు వినే గంట అని పేరు పెట్టుకోవడానికి మీకు సిగ్గెందుకు లేదండీ? ఒక మోటారు! ఒక కరెంటు కనెక్షను! దానికి మండలం కాదు, జిల్లా కాదు, ఢిల్లీలో పార్లమెంటులో మాట్లాడాలా? మాట్లాడాలట. అదైనా మాట్లాడారా?

ఒకసారి మాట్లాడారు లెండి, అబద్ధం ఎందుకు. అంతకుముందు సమావేశాల్లో బ్యాలెట్ తగిలింది. పెద్దాయన లేచి మా ఊరి పేరు చదివారు, వేరే ఊరి పేరులా వినిపించింది గానీ మాదే. "అధ్యక్షా, వర్షాకాలంలో అక్కడ నీళ్లు..." అనేసరికి మైకు ఆగిపోయింది, పక్క రాష్ట్రం ఆయనది మొదలైంది. అయినా ఆ ముక్క వీడియో గంటలో మా వాట్సాప్ గ్రూపులన్నిట్లోకీ వచ్చింది. వెనకాల వీరలెవెల్లో మ్యూజిక్కు కలిపారు. మర్నాడు అండర్ బ్రిడ్జి ముందున్న ఇనప అడ్డకమ్మీకే ఫ్లెక్సీ కట్టారు: "మన సమస్యపై పార్లమెంటులో గళమెత్తిన మన నాయకునికి ధన్యవాదములు." కింద చిన్న నాయకుల ఫొటోలు పద్నాలుగు. ధన్యవాదాలు చెప్పిన మేము ఆ కింద నుంచి మోకాలి లోతు నీళ్లలో నడిచాం.

నా కడుపుమంట అక్కడే. వీడియో రావడంతోనే పని అయిపోయిందన్న లెక్కలోకి అందరూ వెళ్లిపోయారు. ఎత్తినాయన ఎత్తేశానన్నాడు. పీఏ గారు ఫైల్లో టిక్కు పెట్టుకున్నారు. జీరో అవర్లో ఎత్తిన విషయానికి అక్కడే జవాబు చెప్పాలన్న నిబంధన మంత్రులకి లేదు కాబట్టి వాళ్లు తలూపారు. కొన్నాళ్లకి ఒక ఉత్తరం వచ్చింది, విషయం సంబంధిత అధికారుల పరిశీలనకు పంపడమైనది అని. ఆ అధికారుల్లో ఒకరు పంచాయతీకి ఫోన్ చేసి, మోటారుకి బిల్లు మీరే కట్టాలి కదా అన్నారు. బయలుదేరిన చోటికే వచ్చాం. మొత్తం వ్యవహారంలో మాకు అక్కరకొచ్చింది ఆ ఫ్లెక్సీ ఒక్కటే. గట్టి రకం. ధాన్యం బస్తాల మీద కప్పుకున్నాం, చుక్క దిగలేదు.

మా పక్కవాళ్ల గోడు కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మీకు మైకు కట్ చేసే అలవాటుంది కాబట్టి. 2014 విభజన చట్టంలో మాటొచ్చిన రైల్వే జోన్‌ని 2019లో ప్రకటించి, 2025 జనవరిలో దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. అయినా 2025లో గీసిన హద్దుల్లో పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా పట్టాలను మాత్రం ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజన్లోనే ఉంచేశారు. ఊరు మాది, పట్టా వాళ్లది. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రాళ్లకి కొదవ లేని జిల్లా మాది. జంఝావతి నది మీద 2006లో రబ్బరు డ్యాం పెట్టారు, అసలు ప్రాజెక్టు ఒడిశా ముంపు పేచీలో ఇరుక్కుని ఉంది. ఇంత సముద్రం పక్కన పెట్టుకుని మా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కి వలస పోతారు. 2018లో అలా పోయినవాళ్లు పాకిస్తాన్ జైల్లో పడి, 2020 జనవరికి గానీ ఇంటికి రాలేదు. పొందూరు ఖద్దరు కట్టుకుని మీ ముందు నిలబడే వాళ్లకి ఆ పత్తిని వాలుగ చేప దవడతో ఏకే ఆడవాళ్లకి రోజుకి ఎంత గిడుతుందో ఒకసారి అడిగి చూడండి.

ఉద్దానం పేరు ఎత్తకపోతే మా వైపు ఉత్తరం ఉత్తరం కాదు. అక్కడి కిడ్నీ జబ్బు గురించి ఎన్ని పార్టీలవాళ్లు ఎన్ని సభల్లో మాట్లాడారో లెక్కపెట్టడం కష్టం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. అవి రాష్ట్రం చేసిన పనులు, దయచేసి మీ ఖాతాలో రాసుకోకండి. జబ్బు అసలెందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు అన్న పేర్లు మీ రికార్డుల్లో ఉంటాయి. పేర్లు రాసుకోవడంలో మీరు దిట్ట.

అదొక్కటే మీ మీద నాకు ఇంకా కాస్త మెత్తదనం మిగలడానికి కారణం. పెద్ద పెద్ద చర్చల్లో దేశం, రాష్ట్రం అంటారు గానీ సిగడాం అనరు, చీపురుపల్లి అనరు. "శ్రీకాకుళం రోడ్" అని బోర్డు పెట్టిన స్టేషను ఆమదాలవలసలో ఉందన్న సంగతి ఆ హాల్లో ఎవరికైనా తెలిసే వీలుంటే అది మీ వల్లే. తప్పుగా పలికినా సరే, మా ఊరి పేరు ఢిల్లీ గాల్లో ఒక్కసారి తిరిగింది. ఆ రోజు బడ్డీ దగ్గర మావాళ్లు కొట్టిన ఈలలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి. సంతోషించడానికి సిగ్గేసింది, అయినా సంతోషించాం.

అందుకే వచ్చే సమావేశాలకి కాగితం మళ్లీ పంపుతున్నాం. ఈసారి పెద్దాయన చేతికి రెండే వాక్యాలు రాసిస్తాం, మైకు పోయేలోపు అయిపోయేలా: మోటారు ఎవరిది? బిల్లు ఎవరు కడతారు? మధ్యలో అధ్యక్షా, ధన్యవాదాలు, నాకు అవకాశమిచ్చినందుకు వగైరాలు తీసేశాం. ఉపమానాలూ లేవు, ఉద్దానం కూడా లేదు. వీడియో తీయొద్దని పీఏ గారికి చెప్పాం, తీస్తారనుకోండి. ఫ్లెక్సీ కడితే మాత్రం పోయినసారి సైజులోనే కట్టమన్నాం, ఇంకో కుప్ప కప్పుకోవాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ బ్యాలెట్లో తగలని ఒక గ్రామస్థుడు

తా.క.: మంత్రిగారి జవాబు వచ్చే పక్షంలో దయచేసి వేసవిలో పంపే ఏర్పాటు చేయించండి. పోస్టుమ్యాన్ వచ్చేది కూడా ఆ కింద నుంచే.