గేజి నిండుగానే ఉంది

డ్రోసోఫిలా (పండ్ల ఈగ) మీద జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవాళ్ల దినచర్యను నడిపేది గైడు కాదు, ఈగలు. క్రాస్ పెట్టాలంటే, అంటే మనం ఎంచుకున్న మగదానితోనే ఆడదాన్ని జతకట్టించాలంటే, ఇంకా జతకట్టని ఆడ ఈగలు కావాలి. ప్యూపాలోంచి బయటికొచ్చిన ఆడది 25 డిగ్రీల దగ్గర ఓ 8 గంటలపాటు మగదాన్ని దగ్గరికి రానివ్వదు. అంచేత పొద్దున్నే సీసాలో ఉన్నవాటినన్నిటినీ దులిపేసి, సాయంత్రంలోపు కొత్తగా పుట్టినవాటిని ఏరుకోవాలి. జతకట్టినది ఒక్కటి కలిసిందా, ఆ వీర్యాన్ని దాచుకుని రోజుల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఏ పిల్ల ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు.

ఏరాలంటే మత్తివ్వాలి. ప్యాడ్ కిందినుంచి కార్బన్ డయాక్సైడ్ వదిలితే క్షణాల్లో పడిపోతాయి. ఇక మైక్రోస్కోపు కింద, మెత్తటి కుంచెతో ఆడవి ఎడమకి, మగవి కుడికి. మగదానికి పొట్ట కొస నల్లగా, ముందుకాళ్ల మీద చిన్న నల్ల దువ్వెన ఉంటాయి. అప్పుడే పుట్టిన ఆడదానికి పాలిపోయిన పొట్టలోంచి ముదురు మచ్చ కనిపిస్తుంది.

సరిగ్గా ఆ మచ్చ కోసం కళ్లు చికిలించినప్పుడే ఒక కాలు కదులుతుంది. కుంచె తగిలిందిలే అనుకుంటాం. మరో కాలు. ఇంతలో ఓ మగ ఈగ లేచి నిలబడి, ముందుకాళ్లతో తాపీగా కళ్లు తుడుచుకుంటుంది.

గ్యాస్ అయిపోయింది! నిన్న చూసినప్పుడు గేజి నిండుగానే ఉంది. ఉంటుంది మరి. సిలిండర్‌లో ఉన్నది ద్రవం. అది కాస్త మిగిలున్నంతకాలం పైనున్న గ్యాస్ ఒత్తిడి మారదు, గది 20 డిగ్రీలుంటే సుమారు 57 బార్. మొదటి రోజూ అంతే, ఆఖరి రోజుకి ముందు రోజూ అంతే. ద్రవం అయిపోయాకే ముల్లు దిగుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ని తూచి, మెడ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేయాలి. ఈ మాట రాసి ఇండెంట్ పెడితే కొనుగోళ్ల విభాగం “గేజి నిండుగా ఉండగా కొత్తది దేనికి?” అని తిప్పి పంపింది. ఆనక మూడు కొటేషన్లంటూ మీనమేషాలు లెక్కపెట్టింది.

ఈలోగా మన మగ ఈగ కళ్లయ్యాక వెనక్కాళ్లతో రెక్కలు కూడా దువ్వుకుంది. కుడి కుప్పకీ ఎడమ కుప్పకీ మధ్య ఉన్న దూరం రెండు సెంటీమీటర్లు. మూత వేద్దామని పరిగెత్తేసరికి సగం ట్యూబులైట్ మీదున్నాయి. మిగతా సగాన్ని ఐస్ మీది పెట్రీ డిష్‌లోకి దులిపితే చల్లబడి కదలకుండా ఆగాయి గానీ, చెమ్మకి రెక్కలు అంటుకుపోయి ఆడో మగో పోల్చుకోవడం గగనమైంది.

ఇప్పుడు కొనుగోళ్ల విభాగం నుంచి కొత్త కాగితం: “నిండుగా ఉన్న సిలిండర్ ఒక్క పూటలో ఎలా ఖాళీ అయింది? లీకేజీపై లిఖితపూర్వక వివరణ ఇవ్వగలరు.” దాని కింద గైడు సంతకం కూడా కావాలట. ఆయన కాన్ఫరెన్స్‌కి వెళ్లారు.