పూల్ లేచొస్తది

(హనుమకొండలో ఓ ఇంటి పెరడు. శ్రావణ మాసం, రెండు రోజులుగా వాన తెరిపిచ్చింది. 8 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పున్న పాత స్విమ్మింగ్ పూల్. మెట్టు మీద ఓ బకెట్.)

రాజయ్య: చూసినవా? నిన్న గీసిన గీతకు పూల్‌ల నీళ్లు 24 మిల్లీమీటర్లు దిగినయి. కారని బకెట్‌ల గూడ గంతే దిగినయి. లీకేజీ లేదు, ఏం లేదు, అంత ఎండకు పోయినయే. నీళ్లు తోడేసి కొత్త టైల్స్ ఏపిద్దాం.

సమ్మక్క: గీ మబ్బుల 24 ఎండుతయా? మే నెలల గూడ గన్ని పోవు. బకెట్‌ల చెయ్యి పెట్టింది ఎవలు?

రాజయ్య: స్కూటర్ కడిగిన. రెండు చెంబులే.

సమ్మక్క: గా రెండు చెంబులే లీకేజీని దాచినయి! మబ్బు రోజు 4 ఎండినయనుకో, తక్కిన 20 కారుతున్నట్టే. 32 చదరపు మీటర్లకు లెక్కేస్తే దినాం 640 లీటర్లు.

రాజయ్య: గందుకే తోడేద్దామంటున్న.

సమ్మక్క: వానకాలం తోడుతవా? భూమి కింద ఊట పైకొచ్చున్నది. ఖాళీ జేస్తే పూల్ లేచొస్తది.

రాజయ్య: సిమెంటు పూల్ తేలనీకి అదేమన్న రామప్ప ఇటుకనా?

సమ్మక్క: ఇటుక తేలికుండి తేలుతది. గిది ఖాళీ డబ్బా అయితే తేలుతది. ఇప్పుడు 45 టన్నుల నీళ్లే దాన్ని తొక్కిపట్టినయి. కింది ఊట నీళ్లను లోపలికి ఇడిసే ప్రెజర్ వాల్వు గూడ అడుగున పెట్టలే మనోళ్లు. శివరాత్రి దాటి, బాయిల నీళ్లు కిందికి దిగినంక తోడు.

రాజయ్య: అప్పటిదాంక చేతులు ముడుచుకోని కూసోవాల్నా?

సమ్మక్క: మోటర్ బంద్ పెట్టు. నీళ్లు కదలకుంట అయినంక జిలేబి రంగు సిరంజిల పట్టి నీళ్ల మీది చెత్తను గుంజే స్కిమ్మర్ మూతి కాడ మెల్లగ వదులు. రంగు లోపలికి గుంజుకుంటే అతుకు ఇడిసినట్టు. ప్లాస్టిక్‌కు, కాంక్రీటుకు ఎన్నటికీ పొత్తు కుదరదు.

రాజయ్య: మనిద్దరి లెక్క.

సమ్మక్క: మనకు మందు లేదు. దానికైతే నీళ్లల్లనే గట్టిపడే ఎపాక్సీ ముద్ద ఉన్నది.

రాజయ్య: మరి ఫిల్టర్? ఇసుక మార్చక పదేండ్లాయె. మానేరు ఇసుక ఓ ట్రాక్టర్ చెప్పిన.

సమ్మక్క: ఫిల్టర్‌కా, స్లాబుకా? వాగు ఇసుకల మట్టి ఉంటది, సన్నది పూల్‌లకే వస్తది. 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల సిలికా ఇసుక సంచులు కావాలె. ట్రాక్టర్ వద్దను.

రాజయ్య: టైల్స్ అయితే నేను చెప్పినయే.

సమ్మక్క: రంగు నీ ఇష్టం. ముందుగాల పాతయి రూపాయి బిళ్లతోని కొట్టి చూడు, డొల్ల మోత వచ్చినయన్నీ ఊడపీకాలె. వాటర్‌ప్రూఫ్ రెండు పూతలు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. ఆరినంక నీళ్లు నింపి చూసినంకనే టైల్. సందులల్ల తెల్ల సిమెంటు గాదు, ఎపాక్సీ. నీళ్ల పులుపు చెప్పే పీహెచ్ 7.2 కంటే దిగితే సిమెంటును నీళ్లే తింటయి. పోయిన బతుకమ్మకు నువ్వు ఆసిడ్ డబ్బా కుమ్మరించినవ్, యాదికున్నదా?

రాజయ్య: గునుగు పూల మరకలు పోతయనుకున్న...

సమ్మక్క: మరకలుండె, సందులు పోయె. ఆ 230 వోల్టుల లైటు గూడ పీకిపిచ్చి 12 వోల్టులది పెట్టియ్యి, ఆ లైను మీద కరెంటు లీకైతే బంద్ జేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలె. దాన్ల బేరమాడకు.

రాజయ్య: సరే తల్లీ. ఇప్పుడేం జెయ్యాలె?

సమ్మక్క: బకెట్ నింపి మళ్ల గీతలు గియ్యి. ఓ రోజు మోటర్ నడిపి, ఓ రోజు బంద్ పెట్టి చూద్దాం. నడిచినప్పుడే ఎక్కువ దిగితే తప్పు పైపులల్ల ఉన్నట్టు.

రాజయ్య: బకెట్ ఏడ పెట్టాలె?

సమ్మక్క: మెట్టు మీదనే. స్కూటర్ తాళం చెయ్యి మాత్రం నాకియ్యి.