శిలాఫలకం మీద ఏం రాయాలి?

శిలాఫలకం మీద ఎవరి పేరు ఏ వరుసలో ఉండాలన్న గొడవ మన రెండు నగరాలకూ, విజయవాడకూ గుంటూరుకూ, కొత్త కాదు. ప్రోటోకాల్ పాటించలేదని ఒకరు అలుగుతారు, మరొకరు వేదిక దిగి వెళ్లిపోతారు. పని ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో, ఎంత ఖర్చయిందో, అంతకుముందు అక్కడ ఏముండేదో రాయలేదని మాత్రం ఇంతవరకు ఎవరూ అలిగినట్టు లేదు.

విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్‌నే చూడండి. 2016 కృష్ణా పుష్కరాల నాటికి సిద్ధం చేస్తామన్నారు. తెరిచింది 2020 అక్టోబరు 16న. ఆ నాలుగేళ్లు దుర్గగుడి కింద దుమ్ములో తిరిగినవాళ్లకు ఈ తేడా తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత చూసేవారికి ఎవరు చెబుతారు?

ప్రకాశం బ్యారేజీ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. 1954లో కొత్త బ్యారేజీ పని మొదలై 1957లో ప్రారంభమైంది. పేరు ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుది; ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. కట్టింది డెల్టా సాగునీటికి. అయినా మద్రాసు-కలకత్తా రహదారి భారం దశాబ్దాల పాటు దాని మీదే పడింది. దిగువన కనకదుర్గ వారధి వచ్చాకే లారీల బాధ తప్పింది. గేట్లు, నీళ్లు జలవనరుల శాఖ లెక్క. రోడ్డు, వాహనాలు మరో శాఖ సంగతి. కాబట్టి ఈ కట్టడం పూర్తి చరిత్ర ఒక్క ఫైల్లో దొరుకుతుందని ఆశపడలేం.

నంబర్ల తంటా వేరే ఉంది. 2010లో జాతీయ రహదారులకు కొత్త నంబర్లిచ్చారు. ఎన్‌హెచ్ 5 కాస్తా 16 అయింది, హైదరాబాద్ నుంచి బందరు వెళ్లే 9 కాస్తా 65 అయింది. జనం నోట ఇప్పటికీ పాత నంబరే. విజయవాడలో మహాత్మాగాంధీ రోడ్డు అని బోర్డు పెట్టినా అది బందరు రోడ్డే. జనాన్ని తప్పుపట్టలేం. పాత పేరును, కొత్త పేరును ఒకే బోర్డు మీద రాయాలని అధికారులకు తోచకపోతే ఎవరైనా ఏం చేస్తారు?

భవనాలకూ ఇదే గతి. విజయవాడలో 1887లో విక్టోరియా రాణి జూబిలీ పేరిట పునాది పడిన భవనం 1921లో కాంగ్రెస్ సమావేశానికి వేదికై, ఇవాళ బాపు మ్యూజియం అయింది. రాణి పేరు పోయి గాంధీ పేరు వచ్చిందంటే బాగానే ఉంది, కానీ ఈ మలుపు గోడ మీద కూడా కనబడాలి. అక్కడి నీటిపారుదల శాఖ క్యాంపు కార్యాలయం 2019లో రాజ్‌భవన్ అయింది. 1954 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో నడిచింది. ఈ సంగతి తెలిసిన గుంటూరు కుర్రవాళ్లు ఎందరుంటారు?

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం శాఖలు ఇలాంటి వివరాలను ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి. ప్రతి పెద్ద కట్టడం దగ్గర అనుకున్న గడువు, అసలు తేదీ, అంచనా వ్యయం, అయిన ఖర్చు, ఇంజినీర్ల పేర్లు రాయమంటున్నాం. మంత్రుల పేర్లు తీసేయమని మేము అనడం లేదు, వాటి పక్కన కాస్త చోటు చూడమంటున్నాం. పాత కట్టడాన్ని కూల్చేటప్పుడు దాని ఫలకాన్ని శిథిలాలతో కలిపి లారీకెక్కించకుండా మ్యూజియానికి అప్పగించాలి.

మొదలుపెట్టడానికి గుంటూరులోనే మంచి అవకాశం ఉంది. ఒక హోటల్ పేరుతో ఊరంతా పిలుచుకునే శంకర్ విలాస్ ఓవర్‌బ్రిడ్జి స్థానంలో కొత్తది కడుతున్నారు. దాని ఫలకం మీద పాత వంతెన ఏ ఏడాది వచ్చిందో, దాన్ని ఎందుకు తీసేయాల్సి వచ్చిందో రెండు వాక్యాలు చెక్కించమని రోడ్లు, భవనాల శాఖను, నగరపాలక సంస్థను కోరుతున్నాం.